బోర్డో ఎర్ర వైన్‌ను మన ఎండల్లో దాచుకోవడం ఎలా

ఉద్దానం కొబ్బరి రైతులు మొవ్వుకుళ్లు తెగులుకు వాడే బోర్డో మిశ్రమం ఫ్రాన్సు నైరుతి భాగంలోని బోర్డో ప్రాంతపు ద్రాక్షతోటల్లో పుట్టింది. దశాబ్దాల పాటు నిలవ ఉంచదగిన ఎర్ర వైన్‌లకు పేరుపొందినవీ ఆ తోటలే. అయితే అటువంటి సీసాను శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో దాచదలచినవారు, సీసా కొనక ముందే దాన్ని ఉంచే చోటును సిద్ధం చేసుకోవాలి.

ముందుగా ఎంపిక. గారోన్, డోర్డోన్ నదులు కలిసి జిరోండ్ అనే ముఖద్వారంగా అట్లాంటిక్‌లోకి సాగుతాయి. ఎడమ ఒడ్డున ఉన్న మెడాక్ ప్రాంతపు గులకరాళ్ల నేల నీటిని నిలవనీయదు, పగటి వేడిని పట్టి ఉంచి ఆలస్యంగా పండే కాబర్నే సోవిన్యోన్ ద్రాక్షకు తోడ్పడుతుంది. ఈ రకానికి పండు చిన్నది, తొక్క మందం. ఆ తొక్క నుంచి వచ్చే టానిన్ అనే వగరు పదార్థమే వైన్‌కు దీర్ఘాయుష్షునిస్తుంది. కుడి ఒడ్డున సెంటెమిలియోన్, పోమెరోల్‌లలో బంకమట్టి, సున్నపురాయి నేలలపై ముందుగా పండే మెర్లో రాణిస్తుంది. వసంతపు మంచు ఒకదాన్ని, శరత్కాలపు వాన మరొకదాన్ని దెబ్బతీసినా ఏడాది పంట చేజారకుండా ఉండడం, ఈ రకాలను కలపడానికి ఒక ముఖ్య కారణం.

పారిస్ ప్రదర్శన కోసం 1855లో రూపొందించిన అయిదు తరగతుల బోర్డో వైన్‌ల జాబితాలో మొదటి తరగతి వైన్‌ల వెంట పడనవసరం లేదని నా అభిప్రాయం. (ఆ జాబితా ఎంత కదలనిదంటే, మూటోన్ రోత్‌షీల్డ్ అనే తోటకు మొదటి తరగతి దక్కడానికి 1973 దాకా పట్టింది.) 2015, 2016 సంవత్సరాల మంచి క్రూ బూర్జువా (ఆ జాబితాలో లేని మెడాక్ తోటలకిచ్చే హోదా) మెడాక్ సీసా చాలు. బిల్లును జాగ్రత్త చేయాలి. ఇంట్లో ఎంత మద్యం ఉంచుకోవచ్చునో ఎక్సైజ్ నిబంధనలు పరిమితి విధిస్తాయి.

ఇక అసలు సమస్య వేడి. వైన్‌కు 12 నుంచి 14 డిగ్రీల నిలకడైన చల్లదనం కావాలి. మే నెలలో మేడమీది గదిలోని అలమరాలో ఉంచితే, వైన్ వ్యాకోచించి బిరడాను పైకి నెడుతుంది, రుచి ఉడికించిన పండు గుజ్జులా మారుతుంది. మామూలు ఫ్రిజ్ కొన్ని వారాలకు పనికొస్తుంది గాని, దాని పొడిగాలిలో ఏళ్ల తరబడి ఉంచితే బిరడా ఎండిపోతుంది. అందుచేత స్టెబిలైజర్‌తో కూడిన చిన్న వైన్ కూలర్ తప్పనిసరి. అది కొనలేనివారు నిలవ ఆలోచన మానుకుని, సీసాను ఆ చలికాలంలోనే తాగడం మేలు. సీసాను పడుకోబెట్టి వైన్ బిరడాకు తగిలేలా ఉంచాలి. వెలుతురు, కుదుపు తగలకూడదు. వానాకాలపు తేమకు లేబుల్ బూజు పట్టకుండా పలుచని పాలిథిన్ చుట్టవచ్చు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు కనుక, అటువంటి వేళ కూలర్ తలుపు తెరవకుండా ఉంచడం మొదటి జాగ్రత్త. అంతరాయం సాగితే సీసాలను థర్మోకోల్ పెట్టెలోకి, ఇంట్లోకెల్లా చల్లని మూలకు మార్చాలి.

తెరిచే ముందు రోజు సీసాను నిలబెడితే మడ్డి అడుగుకు చేరుతుంది. గది ఉష్ణోగ్రతలో తాగాలన్న మాట చలిదేశపు గదులకే వర్తిస్తుంది. ఇక్కడ 16 నుంచి 18 డిగ్రీలకు చల్లార్చాలి. గాజు కూజాలోకి మెల్లగా వంచుతూ, మడ్డి సీసా మెడకు రాగానే ఆపేయాలి. కారం టానిన్ వగరును మరింత ఘాటుగా తోపింపజేస్తుంది కాబట్టి, వేటమాంసం వేపుడులో మిరియాలు ఉంచి మిరపకాయ తగ్గించాలి.