వానలు పడకముందే గేర్ల సంగతి చూసుకోండి

ఎండాకాలంలో కడపలో సైకిల్ తొక్కడమంటే తెల్లవారుజామున గంట, మహా అయితే గంటన్నర. పొద్దెక్కితే రోడ్డు మీద నిలవలేం. అందుకే జూన్‌లో నాలుగు చినుకులు పడి గాలి చల్లబడగానే మనకు ఆత్రం మొదలవుతుంది. గండికోటకు పోదామా, గువ్వలచెరువు ఘాట్ ఎక్కుదామా అని. మూలనపడిన సైకిల్‌కు గాలి కొడతాం, బ్రేకులు పట్టి చూస్తాం, చైన్‌కు రెండు చుక్కల నూనె వేస్తాం. గేర్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం "కొంచెం కటకటమంటోంది, పర్లేదులే" అని వదిలేస్తాం. దయచేసి అలా వదిలేయకండి.

నేను వదిలేశాను. ఒకసారి నాపరాళ్ల మీద సైకిల్ కుడిపక్కకు పడింది. పెద్ద దెబ్బేమీ కనపడలేదు. ఆ తర్వాత గేర్లు సరిగా పడకపోతే, వెనక చైన్‌ను ఒక పళ్లచక్రం మీది నుంచి ఇంకోదాని మీదికి జరిపే డీరైలర్ దగ్గర, గేరు వైరు టెన్షన్ సర్దే చిన్న మర తిప్పుకుంటూ నెల గడిపాను. ఘాట్‌లో ఒక మలుపు దగ్గర ఎత్తు ఎక్కువై, చైన్‌ను వెనక అన్నిటికంటే పెద్ద పళ్లచక్రం మీదికి వేశాను. టక్‌మని శబ్దం వచ్చి చక్రం అక్కడికక్కడే పట్టేసింది. దిగి చూస్తే డీరైలర్ స్పోకుల్లో ఇరుక్కుని మెలితిరిగి ఉంది, మూడు స్పోకులు తెగాయి. వెనక వస్తున్న లారీ డ్రైవర్ చూసుకుని ఆపబట్టి సరిపోయింది. తర్వాత పెద్దాయన ఒకాయన, ఎప్పటినుంచో సైకిళ్లు బాగుచేస్తున్న మనిషి, డీరైలర్‌ను ఫ్రేమ్‌కు తగిలించే ముక్క విరిగింది నా చేతిలో పెట్టి, "హ్యాంగరే వంగిపోయింటే వైరు ఎంత బిగిస్తే ఏం లాభం నాయనా?" అన్నాడు.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. మర తిప్పే ముందు తప్పు ఎక్కడుందో పట్టుకోవాలి.

స్టాండు లేకపోతే ఇంట్లో ఎవరినైనా సీటు పట్టుకుని వెనక చక్రం పైకి లేపమనండి. చేత్తో పెడల్ తిప్పుతూ ఒక్కొక్క గేరే మార్చండి. చైన్ పెద్ద చక్రాల వైపు ఎక్కడానికి మొరాయించి, చిన్న వాటి వైపు చక్కగా దిగుతుంటే వైరు వదులైందని అర్థం. టెన్షన్ సర్దే మరను బయటికి విప్పినట్టు పావు చుట్టు తిప్పి చూడండి, ఒకేసారి రెండు మూడు చుట్లు వద్దు. పెద్ద వాటి మీదికి ఎక్కి, చిన్న వాటి వైపు దిగడానికి తాత్సారం చేస్తుంటే వైరు మరీ బిగుతుగా ఉండాలి, లేదా దాని పైన ఉండే గొట్టంలో పట్టేస్తూ ఉండాలి. కొన్ని గేర్లలో బాగుండి కొన్నిట్లో గోల చేస్తే ముందు హ్యాంగర్‌నే అనుమానించండి.

హ్యాంగర్ అంటే ఫ్రేమ్‌కు డీరైలర్‌ను తగిలించే చిన్న అల్యూమినియం ముక్క. దెబ్బ తగిలితే ఫ్రేమ్ పాడవకుండా తాను వంగిపోవడానికే దాన్ని మెత్తగా చేస్తారు. సైకిల్ వెనక కూర్చుని, పళ్లచక్రాల ఎత్తులో కన్ను పెట్టి చూడండి. డీరైలర్‌లోని రెండు చిన్న చక్రాలు, పైన చైన్ ఉన్న పళ్లచక్రం ఒకే నిలువు గీతలో ఉండాలి. కింది చక్రం స్పోకుల వైపు ఒరిగి ఉంటే హ్యాంగర్ వంగినట్టే. దాన్ని సరిచేయకుండా ఘాట్ ఎక్కవద్దు. ఒక్కో మోడల్‌కు ఒక్కో రకం హ్యాంగర్ ఉంటుంది కాబట్టి మీ సైకిల్‌కు సరిపోయేది ఒకటి తెచ్చి బ్యాగులో పడేసుకోండి.

వైరు సంగతి మన నేలకు బాగా సంబంధించింది. ఎర్రగుంట్ల వైపు తొక్కితే నాపరాళ్ల దుమ్ము, జమ్మలమడుగు వైపు నల్లరేగడి. ఆ దుమ్ము గొట్టంలోకి చేరి, తొలివాన నీటితో కలిస్తే ముద్దవుతుంది. డీరైలర్‌కు ముందు వంపు తిరిగే చివరి గొట్టంలోనే ఎక్కువగా పేరుకుంటుంది. వైరు విప్పి చేత్తో అటూ ఇటూ లాగితే జారిపోవాలి. గరగరలాడితే వైరు, గొట్టం రెండూ మార్పించండి. మార్పించేటప్పుడు బ్రేకు గొట్టం వేయనివ్వకండి. అందులో తీగ స్ప్రింగులా చుట్టుకుని ఉంటుంది, లాగినప్పుడు కాస్త నొక్కుకుపోతుంది. గేరు గొట్టంలో తీగలు నిలువుగా ఉంటాయి, అందుకే హ్యాండిల్ మీద గేర్లు మార్చే షిఫ్టర్ ఒక మెట్టు నొక్కితే డీరైలర్ సరిగ్గా ఒక మెట్టే కదులుతుంది. కొత్త వైరు మొదటి కొన్ని రోజులు కొంచెం సర్దుకుంటుంది, టెన్షన్ మరను మళ్లీ పావు చుట్టు బయటికి తిప్పాల్సి వస్తే కంగారుపడకండి.

స్టాండు మీద అంతా బాగుండి, ఎత్తులో బలంగా తొక్కినప్పుడు మాత్రమే చైన్ జారుతుంటే అది చాలావరకు అరుగుదల. బడిపిల్లల స్కేలు చాలు. చైన్‌లో ఒక పిన్ను మధ్య నుంచి, దాన్ని లెక్కలోకి తీసుకోకుండా, దాని తర్వాతి 24వ పిన్ను మధ్య వరకు కొత్తలో సరిగ్గా 12 అంగుళాలు ఉంటుంది. అంగుళంలో 16వ వంతు పెరిగిందంటే చైన్ మార్చే సమయం వచ్చింది. 8వ వంతు దాకా ఆగితే పళ్లచక్రాలు కూడా అరిగిపోయి ఉంటాయి, అప్పుడు కొత్త చైన్ ఒక్కటే వేసినా జారుతూనే ఉంటుంది. ఖర్చు రెండింతలు కాకముందే మేలుకోవడం మంచిది.

డీరైలర్ మీద ఎచ్, ఎల్ అని రాసి ఉన్న రెండు స్క్రూలను ఊరికే తిప్పకండి. మధ్య గేర్లతో వాటికి పనిలేదు. చైన్ రెండు చివర్లూ దాటి పడిపోకుండా ఆపడమే వాటి పని. చైన్ నిజంగా స్పోకుల వైపు పడుతుంటేనే, అదీ హ్యాంగర్ తిన్నగా ఉందని తేల్చుకున్నాకే, ఎల్ స్క్రూను కొద్దికొద్దిగా బిగించండి.

రేగడిలో దిగితే మన్ను డీరైలర్‌కు పిండిముద్దలా అంటుకుంటుంది. అప్పుడు బలం పెట్టి తొక్కితే విరిగేది హ్యాంగరే. దిగండి, పుల్లతో మన్ను గీకండి, సీసాలో నీళ్లు పోయండి. ఎత్తు మొదలయ్యాక కాదు, మొదలవకముందే గేరు మార్చండి, మార్చే క్షణంలో కాలి బలం కాస్త తగ్గించండి. ఇంటికొచ్చాక చైన్ తుడిచి ఆరనిచ్చి, వానకాలానికి పనికొచ్చే చిక్కటి చైన్ ఆయిల్ వేసి, పైపైన మిగిలింది గుడ్డతో తుడిచేయండి.

ఇంత చేసినా దారిలో వైరు తెగవచ్చు. అప్పుడు చైన్ వెనక అన్నిటికంటే చిన్న చక్రం మీదికి వెళ్లిపోతుంది, దానితో ఘాట్ ఎక్కలేరు. ఈ ఒక్క సందర్భంలో ఎచ్ స్క్రూ అక్కరకొస్తుంది. చేత్తో డీరైలర్‌ను లోపలికి నెట్టి పట్టుకుని, పెడల్ తిప్పుతూ ఆ స్క్రూను బిగిస్తూ పోతే, చైన్ రెండో చక్రం మీదో మూడో దాని మీదో నిలబడుతుంది. నిటారు ఎత్తులు నడిపించుకుంటూ, మిగతాది తొక్కుకుంటూ ఇంటికి రావచ్చు.