దొరికిన వీడియో హారర్, 4వ పాఠం: కెమెరా ఇంకా ఎందుకు ఆన్‌లో ఉంది?

దొరికిన వీడియో (ఫౌండ్ ఫుటేజ్) అంటే, ఎవరో నిజంగా తీస్తే తర్వాత దొరికిందన్నట్టు తీసే భయం కథ. పోయిన పాఠంలో నేను అడిగింది ఒక్కటే, ఇప్పటికీ తేలని నిజం సంఘటన ఒకటి పట్టుకుని, తెలిసినవి ఒక పక్క, తెలియనివి ఒక పక్క రాసుకుని, తెలియనివాటిలోంచి ఒక నిమిషం వీడియో తీసి పంపమని. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, అటు బరంపురం నుంచి కూడా పంపారు. అన్నీ చూశాను. ఈసారి లైటింగ్ చెప్పాలి గానీ దాన్ని పక్కన పెడుతున్నాను, ఈ క్లిప్పుల్లో ఉన్న లోపం సరిచేసుకోకుండా లైటింగ్ నేర్చుకుని ఏం లాభం లేదు.

ముందు చిన్న సంగతి. ఫ్లానన్ దీవుల లైట్‌హౌస్ తీసుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు, మంచిదే. 1900 డిసెంబర్‌లో స్కాట్లాండ్ పడమటి సముద్రంలో ముగ్గురు లైట్‌హౌస్ కాపలావాళ్ళు మాయమయ్యారు, 26న ఓడ వెళ్ళేసరికి మనిషన్నవాడు లేడు. కానీ మీ అందరి లిస్టులోనూ తిరగబడ్డ కుర్చీ, బల్ల మీద వడ్డించి ఉన్న భోజనం ఉన్నాయి. అవి 1912లో ఒక ఇంగ్లీషు కవి రాసిన పద్యంలోవి, అక్కణ్ణుంచి యూట్యూబ్ వీడియోల్లోకి వచ్చి కూర్చున్నాయి. నిజంగా దొరికినవి వేరే. డిసెంబర్ 15 పొద్దున వరకూ పలక మీద రాసిన వాతావరణం లెక్కలు, తుడిచి నూనె పోసి సిద్ధంగా పెట్టిన దీపం, ముగ్గురిలో ఒకడు తొడుక్కోకుండా వదిలేసి వెళ్ళిన వానకోటు. చూడండి, ఆ కుర్చీ కన్నా ఈ కోటు ఎంత భయంగా ఉందో. డిసెంబర్ నెల, ఆ సముద్రం, ఆ గాలి, మనిషి చొక్కాతోనే ఎందుకు బయటికెళ్ళాడు? పెద్ద అల వాళ్ళని లాక్కుపోయింది అని అప్పటి విచారణాధికారి రాశాడు గానీ చూసినవాడు లేడు. ఇంకెవరూ కుర్చీ చూపించొద్దు, కోటు చూపించండి.

ఇప్పుడు అసలు గొడవ.

కాశీనగర్ వైపు రైలు పట్టాల పక్కన తీసిన క్లిప్ ఒకటి వచ్చింది. కుర్రాడు పరిగెడుతున్నాడు, వెనకాల ఏదో వస్తోంది, చెప్పు జారిపోయింది, రాళ్ళ మీద ఒట్టి కాలితో పరిగెడుతున్నాడు, ఇదంతా బాగుంది. కానీ ఫోన్ అడ్డంగా పట్టుకుని, మొహం సరిగ్గా ఫ్రేమ్ మధ్యలో పెట్టుకుని మరీ పరిగెడుతున్నాడు! ప్రాణం పోతుందన్నప్పుడు ఎవడు తీస్తాడండీ వీడియో? నూటికి తొంభై మంది ఫోన్ పారేస్తారు, మిగతా పది మంది ఫోన్ ఇంటికి చేయడానికి చూస్తారు. చూసేవాడికి ఈ అనుమానం ఒక్కసారి వచ్చిందంటే ఇంక మీరు ఏ దెయ్యాన్ని దింపినా వాడు భయపడడు. అన్ని క్లిప్పుల్లోనూ ఇదే జబ్బు. పైగా కొంతమంది కెమెరాని కావాలని ఊపారు, ఊపితే నిజం అనిపిస్తుందనుకుని. చెయ్యి ఊగడానికి కారణం ఉంటే ఊగుద్ది, లేకపోతే అది ఊపినట్టే తెలిసిపోద్ది.

దీనికి నేను ఎప్పుడూ చూపించే ఉదాహరణ 1967 అక్టోబర్ 20న కాలిఫోర్నియాలో బ్లఫ్ క్రీక్ దగ్గర ప్యాటర్సన్, గిమ్లిన్ తీసిన రీలు. నిమిషం లోపే ఉంటుంది. వాగు పక్కన ఒళ్ళంతా బొచ్చుతో పెద్ద ఆకారం నడిచి వెళ్తూ ఒకసారి తిరిగి చూస్తుంది, అంతే. సూట్ వేసుకున్న మనిషని కొందరు, కాదని కొందరు ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు. ఆ వాదన మనకొద్దు, కెమెరాని చూడండి. మొదట్లో బొమ్మ చిందరవందరగా ఎగురుద్ది, ఎందుకంటే ప్యాటర్సన్ గుర్రం మీంచి దిగి కెమెరా పట్టుకుని పరిగెత్తాడు. తర్వాత ఆగాడు, బొమ్మ కుదురుకుంది. అసలు కెమెరా వాళ్ళ దగ్గర ఎందుకుంది? బిగ్‌ఫుట్ అని పిలిచే ఆ జంతువు మీద సినిమా తీద్దామనే వాళ్ళు అక్కడికి వెళ్ళారు కాబట్టి. ఎందుకు ఆగిపోయింది? రీలు అయిపోయింది కాబట్టి. మొదలవడానికి కారణం, ఊగడానికి కారణం, ఆగడానికి కారణం, మూడూ ఉన్నాయి. అది నిజమో అబద్ధమో గానీ యాభై ఏళ్ళు దాటినా జనం చూస్తున్నారంటే ఆ మూడు కారణాల వల్లే అని నా గట్టి నమ్మకం.

డ్యాట్లోవ్ సంఘటన కూడా అంతే. 1959 ఫిబ్రవరిలో ఉరల్ కొండల్లో ట్రెక్కింగ్‌కి వెళ్ళిన తొమ్మిది మంది చనిపోయారు, గుడారం లోపలి నుంచి కోసి ఉంది. కెమెరాలు, డైరీలు దొరికాయి. వాళ్ళది అన్నిటికన్నా కష్టమైన గ్రేడు ట్రెక్, చేశామని రుజువు చూపించాలి, అందుకే వాళ్ళు రాసుకుంటూ ఫొటోలు తీసుకుంటూ వెళ్ళారు. అంటే మిస్టరీ ఎంచుకునేటప్పుడే చూసుకోవాలి, ఆ మనుషులకి రికార్డు చేసే పని ముందే ఉందా లేదా అని. ఉంటే సగం స్క్రిప్టు అయిపోయినట్టే.

పట్టుకునే మనిషే లేకపోతే ఇంకా సుఖం. 2007లో వచ్చిన పారానార్మల్ యాక్టివిటీ అనే సినిమాని దాని దర్శకుడు సొంత ఇంట్లో, దాదాపు 15 వేల డాలర్లతో తీశాడు, అందులో రాత్రి పడకగది సీన్లు ఎక్కువగా స్టాండ్ మీద పెట్టిన కెమెరావే, మనుషులు నిద్రపోతున్నారు, ఎందుకు తీస్తున్నావని అడగడానికి లేదు.

మన వైపు ఇలాంటి కారణాలకి కొదవ లేదు. పెళ్ళి వీడియో తీసేవాడున్నాడు, ఆపితే డబ్బులివ్వరు. అడవిలో చెట్టుకి కట్టే ట్రాప్ కెమెరా ఉంది, ఏదైనా కదిలితేనే తీస్తుంది, మిగతా రాత్రంతా ఏం జరిగిందో దానికి తెలీదు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఫోన్ లైటు. శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కుతూ గుంపు నుంచి తప్పిపోయిన ఇద్దరు అనుకోండి. చాలా ఫోన్లలో వీడియో ఆపితే లైటు ఆరిపోద్ది. మళ్ళీ టార్చ్ వెతికి నొక్కేదాకా రెండు సెకన్లు చీకటి, ఆ రెండు సెకన్లు వాడికి కావాలా? అందుకే వాడు ఆపడు. ఇంక మీరు డైలాగు కూడా రాయక్కర్లేదు. డైలాగు రాస్తే మాత్రం మనం మాట్లాడినట్టే రాయండి, అమ్మతో తెలుగు, ఫారెస్ట్ గార్డుతో ఒడియా, కంగారులో రెండూ కలిసిపోతాయి కదా, అలాగే ఉంచండి.

కొంతమంది క్లిప్పుల మీద అతికించిన ఎర్ర చుక్క, బ్యాటరీ బొమ్మ, చుట్టూ గీతలు, యాప్‌లో దొరికేవి, తీసెయ్యండి. అవి తీసేటప్పుడు స్క్రీన్ మీద కనిపిస్తాయి తప్ప ఫైల్లోకి రావు. మ్యూజిక్ కూడా అంతే, దొరికిన వీడియోకి మ్యూజిక్ ఎవరు కలిపారు?

ఇంకోటి, రాయగడ నుంచి ఒకరు ఈ మధ్యే కనపడకుండా పోయిన మనిషి కేసు తీశారు. వద్దు. ఆ ఇంట్లోవాళ్ళు ఇంకా స్టేషన్ చుట్టూ తిరుగుతుంటారు. హాలీవుడ్ వాళ్ళే అలాస్కాలో నోమ్ అనే ఊళ్ళో జనం నిజంగా కనపడకుండా పోవడాన్ని 2009లో గ్రహాంతరవాసుల సినిమా చేసి, పబ్లిసిటీకి దొంగ వార్తలు కూడా పుట్టించి, చివరికి అక్కడి పత్రికలవాళ్ళకి డబ్బు కట్టి రాజీ చేసుకున్నారు. మీరు దూరానివో పాతవో తీసుకోండి, పేర్లు మార్చండి.

అభ్యాసం ఈసారి బరువైనదే. పది నిమిషాలు, ఒకే షాటు, కట్ లేకుండా. రాత్రి, ఒక్క ఫోన్ లైటు. దెయ్యం కనపడకూడదు, అరుపు ఉండకూడదు. ఫోకస్ (బొమ్మ స్పష్టత), ఎక్స్‌పోజర్ (వెలుతురు మోతాదు) మారకుండా లాక్ చేసి తీయండి, అది ఎలాగో మీకు తెలుసు. షాటు ఎందుకు మొదలైందో, ఎందుకు ఆగిందో ఎవరూ నోటితో చెప్పకుండా చూసేవాడికి తెలియాలి. మీ ఇంట్లో సినిమాలు చూడని పెద్దాళ్ళకి చూపించి, "వీడెందుకు తీస్తున్నాడు?" అని వాళ్ళు అడిగితే మళ్ళీ తీయండి. అడగని రోజే నాకు పంపండి, ఆలస్యమైనా పర్లేదు. లైటింగ్ ఆ తర్వాతే చెప్తాను.