స్నానం ఎన్నిసార్లు చేయాలి, బట్టలు ఎప్పుడు ఉతకాలి: మీకు తగిన క్రమాన్ని నిర్ణయించుకోవడం ఎలా?

రోజుకు ఎన్నిసార్లు స్నానం చేయాలి, ఒకసారి తొడిగిన చొక్కాను మళ్లీ తొడుక్కోవచ్చా అని అడిగేవారు సాధారణంగా ఒక అంకెను జవాబుగా ఆశిస్తారు. అందరికీ వర్తించే అంకె ఏదీ లేదు. ఎండలో రోజంతా బరువులు మోసిన మనిషి ఒంటికీ, చల్లటి గదిలో కూర్చుని పనిచేసిన మనిషి ఒంటికీ సాయంత్రానికి పట్టే మురికి ఒకటి కాదు. ఒకే మనిషి ఒంటిమీద కూడా చంకలకు కావలసిన శుభ్రత వేరు, మోచేతులకు కావలసిన శుభ్రత వేరు. అందుచేత వారాలను, తేదీలను కాక, ఆ రోజు ఒంటికి, బట్టకు ఏం తగిలిందో చూసి నిర్ణయించుకోవాలి. అలా నిర్ణయించుకోవడం ఎలాగో ఈ కింది దశల్లో చూడవచ్చు.

1. వాసన ఎక్కడి నుంచి వస్తుందో ముందుగా తెలుసుకోండి

మన చర్మంలో 20 లక్షల నుంచి 40 లక్షల వరకు చెమట గ్రంథులు ఉంటాయి. వాటిలో అత్యధికం ఒంటిని చల్లబరచడానికి ఉప్పునీటిలాంటి పలుచని చెమటను విడుదల చేస్తాయి. చంకల్లో, గజ్జల్లో ఉండే మరో రకం గ్రంథులు మాత్రం యుక్తవయసు వచ్చాకే పనిచేయడం మొదలుపెడతాయి. వాటి స్రావంలో కొవ్వులు, మాంసకృత్తులు కూడా ఉంటాయి. బయటికి వచ్చిన క్షణంలో ఏ చెమటకూ దాదాపు వాసన ఉండదు. చర్మంపై నివసించే కొరినీబ్యాక్టీరియం, స్టెఫైలోకోకస్ వంటి బ్యాక్టీరియా ఆ స్రావాన్ని విచ్ఛిన్నం చేసినప్పుడు పుట్టే ఆమ్లాలు, గంధక సమ్మేళనాలే మనకు చెమట వాసనగా తెలుస్తాయి. చిన్నపిల్లలు ఎంతసేపు ఆడి చెమటతో తడిసినా వారి దగ్గర పెద్దలకు వచ్చే వాసన రాకపోవడానికి కారణం ఆ రెండో రకం గ్రంథులు ఇంకా పనిచేయకపోవడమే.

చర్మం వైపు నుంచి కూడా ఆలోచించాలి. ఆరోగ్యంగా ఉన్న చర్మం ఉపరితలానికి కొద్దిగా ఆమ్లగుణం ఉంటుంది, దాని పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత, 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) విలువ సుమారు 5. మామూలు స్నానపు సబ్బు పీహెచ్ 9 నుంచి 10 వరకు ఉంటుంది. సబ్బు రుద్దిన ప్రతిసారీ మురికితోపాటు, లోపలి తేమను బయటికి పోకుండా కాపాడే కొవ్వు పదార్థం కూడా కొంత కొట్టుకుపోతుంది. చర్మం దాన్ని తిరిగి సమకూర్చుకోగలదు గానీ అందుకు కొంత సమయం పడుతుంది, వయసు మళ్లినవారిలో ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. అంటే తక్కువ కడిగితే ఒక ఇబ్బంది, అతిగా కడిగితే మరో ఇబ్బంది.

2. రోజూ తప్పక కడగవలసిన భాగాలను గుర్తించండి

చంకలు, గజ్జలు, పిరుదుల మధ్య భాగం, పాదాలు, ఒంటిపై చర్మం మడతపడే చోట్లు రోజుకు ఒకసారైనా శుభ్రపడాలి. సబ్బు అవసరమయ్యేది ప్రధానంగా వీటికే. చేతులు, కాళ్లు, వీపు, పొట్ట వంటి విశాలమైన భాగాలపై కంటికి కనిపించే మురికి గానీ, చెమట జిడ్డు గానీ లేనప్పుడు నీళ్లు సరిపోతాయి. ఈ ఒక్క మార్పు చేస్తే చాలు, రోజూ స్నానం చేసేవారికి కూడా చర్మం పొడిబారడం చాలావరకు తగ్గుతుంది.

జననాంగాల బయటి భాగాన్ని గోరువెచ్చని నీటితో, లేదా గాఢత తక్కువగా ఉండే సబ్బుతో కడిగితే చాలు. స్త్రీలు యోని లోపలి భాగాన్ని సబ్బుతో గానీ, ప్రత్యేక ద్రావణాలతో గానీ కడగకూడదు. అక్కడ ఉండే మేలుచేసే బ్యాక్టీరియా ఆ ప్రాంతాన్ని ఆమ్లగుణంతో ఉంచి ఇన్‌ఫెక్షన్లను అడ్డుకుంటుంది, కడిగితే ఆ రక్షణ పోతుంది. పాదాలను కడిగిన తర్వాత వేళ్ల సందులు పూర్తిగా ఆరేలా తుడుచుకోవాలి, ఎందుకంటే తడి నిలిచిన సందుల్లోనే శిలీంధ్రాలు పెరుగుతాయి. ముఖాన్ని ఉదయం, రాత్రి, అలాగే బాగా చెమట పట్టినప్పుడు కడుక్కుంటే సరిపోతుంది.

3. పూర్తి స్నానం ఎప్పుడన్నది ఆ రోజును బట్టి నిర్ణయించండి

ఉక్కపోతలో తిరిగిన రోజు, ఒళ్లు వంచి పనిచేసిన రోజు, వ్యాయామం చేసిన రోజు, క్లోరిన్ కలిపిన కొలనులో ఈత కొట్టిన రోజు, దుమ్ము, రసాయనాలు లేదా పుప్పొడి ఒంటికి అంటిన రోజు పూర్తి స్నానం తప్పనిసరి. వీటిలో ఏదీ లేకుండా చల్లటి వాతావరణంలో గడిచిన రోజున, పైన చెప్పిన భాగాలను శుభ్రం చేసుకుని పూర్తి స్నానాన్ని మరుసటి రోజుకు వాయిదా వేసినా ఆరోగ్యానికి నష్టం లేదు. రోజూ స్నానం చేయనిదే మనసు కుదుటపడదు అనేవారు దాన్ని మానుకోనక్కరలేదు. నా అభిప్రాయంలో వారు తగ్గించుకోవలసింది స్నానాన్ని కాదు, సబ్బునూ వేడినీళ్లనూ. రోజుకు రెండుసార్లు చేసేవారు రెండోసారి నీళ్లతోనే సరిపెట్టుకోవడం మంచిది.

వయసును కూడా లెక్కలోకి తీసుకోవాలి. అప్పుడే పుట్టిన బిడ్డకు తొలి స్నానాన్ని కనీసం 24 గంటలు ఆలస్యం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. ఒంటిపై ఉండే తెల్లటి పొర బిడ్డ చర్మానికి రక్షణ, ముందే తడిపితే ఒళ్లు చల్లబడే ప్రమాదమూ ఉంది. ఆ తర్వాత తొలి సంవత్సరంలో, మలమూత్రాలు అంటిన చోట ఎప్పటికప్పుడు శుభ్రం చేస్తూ ఉంటే, వారానికి 2 లేదా 3 స్నానాలు చాలు. 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకు వారానికి కనీసం ఒకటి రెండు స్నానాలు, మట్టిలో ఆడినప్పుడూ చెమట పట్టినప్పుడూ అదనంగా మరొకటి అన్నది అమెరికన్ అకాడమీ ఆఫ్ డెర్మటాలజీ చెప్పే లెక్క. యుక్తవయసు మొదలయ్యాక రోజూ చేయించాలి. ఆ వయసు పిల్లలకు చంకల్లో కొత్తగా వాసన ఎందుకు వస్తోందో సౌమ్యంగా వివరించడం పెద్దల బాధ్యత. వారిని నలుగురిలో ఎత్తిచూపితే మిగిలేది సిగ్గే తప్ప శుభ్రత కాదు.

4. స్నానం చేసే తీరును సరిదిద్దుకోండి

నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, స్నానం 5 నుంచి 10 నిమిషాల్లో ముగియాలి. చలికాలంలో పిక్కలపై తెల్లటి పొట్టు లేచి దురద పుట్టినప్పుడు, అది మురికి వల్ల అనుకుని మరింత వేడినీళ్లు పోసుకుని, మరింత గట్టిగా రుద్దుకునేవారు చాలామంది ఉన్నారు. ఆ క్షణానికి హాయిగా అనిపించినా, మిగిలిన కొద్ది తేమా పోయి మర్నాటికి దురద పెరుగుతుంది. దురద పెరిగిందని మళ్లీ రుద్దుతారు. ఈ వలయం నుంచి బయటపడాలంటే వేడి తగ్గించాలి, పీచుతో రుద్దడం ఆపాలి, తువ్వాలుతో రుద్దకుండా అద్దుకోవాలి, ఒంటిమీద ఇంకా కొద్దిగా తడి ఉండగానే, సుమారు 3 నిమిషాల లోపు, మాయిశ్చరైజర్ గానీ పెట్రోలియం జెల్లీ గానీ రాసుకోవాలి. వయసు పైబడినవారికి ఈ జాగ్రత్త మందుతో సమానం.

క్రిములను చంపుతుందన్న హామీ చూసి సబ్బును ఎంచుకోనవసరం లేదు. అటువంటి సబ్బులు మామూలు సబ్బు, నీళ్ల కంటే ఎక్కువ మేలు చేస్తాయని తయారీదారులు నిరూపించలేకపోవడంతో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2016లో ట్రైక్లోసాన్ సహా 19 పదార్థాలను వాటిలో వాడకుండా నిషేధించింది. ఒళ్లు రుద్దుకునే పీచును వాడిన ప్రతిసారీ బాగా జాడించి, గాలి తగిలే చోట ఆరేయాలి.

5. తలస్నానాన్ని, చేతుల శుభ్రతను విడిగా లెక్కించండి

జిడ్డు త్వరగా పట్టే జుట్టు ఉన్నవారికి రోజూ గానీ, రోజు విడిచి రోజు గానీ షాంపూ అవసరం కావచ్చు. పొడిగా, ఉంగరాలు తిరిగి ఉండే జుట్టుకు వారానికి ఒకసారి సరిపోతుంది. షాంపూను మాడుకు పట్టించాలి, కడిగేటప్పుడు జారే నురుగే కొసలకు చాలు.

చేతుల విషయంలో మాత్రం ఎటువంటి సడలింపూ లేదు. 1847లో వియన్నాలోని ప్రసూతి ఆస్పత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు, వైద్యులు, విద్యార్థులు క్లోరిన్ కలిపిన సున్నపు నీటితో చేతులు కడుక్కోవాలని నియమం పెట్టాక బాలింతల మరణాలు గణనీయంగా తగ్గాయి. మరుగుదొడ్డికి వెళ్లి వచ్చాక, వంటకు, భోజనానికి ముందు, రోగిని తాకాక, తుమ్మి దగ్గాక కనీసం 20 సెకన్లపాటు సబ్బుతో వేళ్ల సందులు, గోళ్ల కింద, చేతి వెనుక భాగం రుద్ది కడుక్కోవాలి. స్నానాల సంఖ్యను ఎంత తగ్గించుకున్నా దీన్ని తగ్గించకూడదు.

6. బట్టలను ఒంటికి ఎంత దగ్గరగా ఉంటాయో చూసి వేరుచేయండి

లోదుస్తులు, మేజోళ్లు, వ్యాయామపు బట్టలు ఒక్కసారి తొడిగితే ఉతకవలసిందే. ఒంటికి నేరుగా తగిలే చొక్కాలు, టీషర్టులు చెమట పట్టకపోతే రెండోసారి కూడా తొడుక్కోవచ్చు. బ్రాలను 2 లేదా 3 సార్లు, రాత్రి దుస్తులను 3 లేదా 4 సార్లు తొడిగాక ఉతకవచ్చు. లోపల మరో బట్ట ఉన్నప్పుడు స్వెటర్లు 5, 6 సార్ల వరకు ఆగుతాయి. పైకోటుకు కాలానికి ఒకటి రెండు ఉతుకులు సరిపోతాయి.

జీన్స్ ప్యాంటును కూడా ఉతకకుండా చాలాసార్లు తొడుక్కోవచ్చు. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థి 15 నెలలపాటు ఉతకకుండా ఒకే జీన్స్ ధరించాడు. దానిపై ఉన్న బ్యాక్టీరియాను లెక్కించి, ఆ తర్వాత ఉతికి 13 రోజులు తొడిగాక మళ్లీ లెక్కిస్తే రెండు ఫలితాలూ దాదాపు ఒకేలా ఉన్నాయి. దీన్ని చూసి ఎవరూ ఏడాదిపాటు ఉతకడం మానాలని నేను అనను. బట్టను ప్రతి వాడకానికీ ఉతికితే గానీ సూక్ష్మజీవులు అదుపులో ఉండవన్న భయం మాత్రం అక్కరలేదు.

బట్ట దేనితో నేసిందన్నది కూడా ముఖ్యం. బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో, వ్యాయామం తర్వాత నూలు బట్టల కంటే పాలియెస్టర్ బట్టలు ఎక్కువ దుర్వాసన వేశాయి. వాసనకు కారణమయ్యే మైక్రోకోకస్ బ్యాక్టీరియా పాలియెస్టర్‌పై బాగా పెరుగుతుందని తేలింది. తరచుగా ఉతకడానికి వీలులేనివారు నూలు, ఉన్ని బట్టలను ఎంచుకోవడం మేలు.

ఒళ్లు తుడుచుకునే తువ్వాలును ప్రతిసారీ పూర్తిగా ఆరేస్తే 3 లేదా 4 వాడకాలకు ఒకసారి, పక్కదుప్పట్లను, దిండు గలీబులను వారానికి ఒకసారి ఉతకాలి. దుమ్ములో ఉండే సూక్ష్మ పురుగుల వల్ల తుమ్ములు, ఉబ్బసం వచ్చేవారి పడక బట్టలను 60 డిగ్రీల సెల్సియస్ నీటిలో ఉతికితే ఆ పురుగులు చస్తాయి. కొత్తగా కొన్న బట్టలను తొడగడానికి ముందే ఒకసారి జాడించాలి, ఎందుకంటే వదులుగా ఉన్న రంగు, ముడతలు పడకుండా వాడిన రసాయనాలు కొందరి చర్మానికి పడవు.

7. మళ్లీ తొడగదలచిన బట్టను పరీక్షించి, విడిగా ఉంచండి

విప్పిన బట్టను వెంటనే ఉతికిన బట్టల మధ్య మడతపెట్టకూడదు, మాసిన బట్టల బుట్టలోనూ పడేయకూడదు. ఒక రాత్రి గాలి ఆడే చోట వేలాడదీసి, ఉదయం చంకల దగ్గర, మెడపట్టీ దగ్గర చూసి, వాసన పరీక్షించాలి. చిన్న మరక ఒక్కటే ఉంటే ఆ చోటు మాత్రమే కడిగితే సరిపోతుంది. ప్రతి ఉతుకూ నూలుపోగులను కొంత అరగదీస్తుంది, కృత్రిమ బట్టల నుంచి సూక్ష్మ ప్లాస్టిక్ పోగులను నీటిలోకి వదులుతుంది. ఒక ఉతుకు తప్పిందంటే బట్ట ఆయుష్షు పెరిగినట్టే, నీళ్లూ శ్రమా మిగిలినట్టే.

8. తగినంత సబ్బుతో ఉతికి, త్వరగా ఆరేయండి

ముందుగా బట్ట లోపల కుట్టిన గుర్తులను చూడాలి. నీళ్ల తొట్టి గుర్తులోని అంకె గరిష్ఠ ఉష్ణోగ్రతను, తొట్టిలో చెయ్యి చేత్తో ఉతకాలన్న సంగతిని, దానిపై అడ్డగీతలు నీళ్లలో ఉతకకూడదన్న సంగతిని తెలుపుతాయి. చెమట, జిడ్డు పట్టేది లోపలి వైపే కాబట్టి బట్టలను తిరగేసి ఉతకాలి. నేటి డిటర్జెంట్లలో చాలావాటిలో మాంసకృత్తులను, కొవ్వులను విడగొట్టే ఎంజైములు ఉంటాయి. అవి 30, 40 డిగ్రీల దగ్గరే చక్కగా పనిచేస్తాయి గనుక మామూలు మురికికి మరీ వేడినీళ్లు అక్కరలేదు. నెత్తురు మరకను చల్లటి నీటిలోనే నానబెట్టాలి, వేడి తగిలితే అది పోగులకు పట్టుకుపోతుంది.

డిటర్జెంట్ ఎక్కువ వేస్తే ఎక్కువ శుభ్రమవుతుందన్నది పొరపాటు. సరిగా జాడించని సబ్బు బట్టలో మిగిలి చర్మానికి దురద తెప్పిస్తుంది, మురికిని పట్టి ఉంచుతుంది. తువ్వాళ్లకు, వ్యాయామపు బట్టలకు ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వాడకూడదు, అది చేర్చే పొర వల్ల బట్ట తడిని పీల్చుకోలేదు. బ్లీచ్‌ను వెనిగర్‌తో గానీ, అమ్మోనియా ఉన్న ద్రావణాలతో గానీ ఎప్పుడూ కలపకూడదు, విషవాయువులు వెలువడతాయి.

ఉతికిన బట్టలను మెషీన్‌లోనో బకెట్‌లోనో గంటల తరబడి వదిలేయడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. అలా తడిగా మిగిలిన బట్టల నుంచి వచ్చే ముక్కిన వాసనకు మొరాక్సెల్లా అనే బ్యాక్టీరియా కారణమని జపాన్ పరిశోధకులు 2012లో గుర్తించారు. పిండిన వెంటనే దులిపి, ఒకదానికొకటి తగలకుండా ఎడంగా ఆరేయాలి. రంగు బట్టలను తిరగేసి నీడలో, తెల్ల బట్టలను, పడక బట్టలను ఎండలో ఆరబెట్టడం మంచిది. మెషీన్‌ను నెలకొకసారి బట్టలేమీ వేయకుండా వేడినీటితో తిప్పి, మిగతా సమయంలో తలుపు తెరిచి ఉంచాలి.

9. ఇంట్లో జబ్బు ఉన్నప్పుడు ఈ లెక్కలను పక్కన పెట్టండి

వాంతులు, విరేచనాలు, చర్మపు ఇన్‌ఫెక్షన్ ఉన్నవారి బట్టలను, తువ్వాళ్లను, దుప్పట్లను విడిగా ఉంచి, దులపకుండా తీసుకెళ్లి, బట్ట తట్టుకోగలిగితే 60 డిగ్రీల నీటిలో ఉతకాలి. ఆ తర్వాత చేతులు కడుక్కోవాలి. గజ్జి సోకినప్పుడు చికిత్స మొదలైన రోజే, అంతకు ముందు మూడు రోజుల్లో వాడిన బట్టలన్నిటినీ వేడినీటిలో ఉతకాలి. ఉతకడానికి వీలులేనివాటిని ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి వారంపాటు ఉంచితే సరిపోతుంది, ఎందుకంటే గజ్జిని కలిగించే సూక్ష్మ పురుగులు మనిషి చర్మానికి దూరంగా సాధారణంగా 2, 3 రోజులకు మించి బతకవు. తామర ఉన్నవారు తువ్వాలును ఎవరితోనూ పంచుకోకూడదు, రోజూ మార్చాలి.

10. రెండు వారాలు పాటించి సరిచూసుకోండి

చర్మం బిగుసుకుపోయినట్టు అనిపించడం, పొట్టు లేవడం, స్నానం తర్వాత దురద పుట్టడం కనిపిస్తే సబ్బు వాడే భాగాలను ఇంకా తగ్గించాలి. సాయంత్రానికే చంకల వాసన వస్తే, మడతల్లో ఎరుపు, మంట కనిపిస్తే ఆ భాగాల శుభ్రతను పెంచి, వాటిని పొడిగా ఉంచాలి. మన వాసనకు మన ముక్కు అలవాటు పడిపోతుంది కాబట్టి ఇంట్లో నమ్మకమైనవారిని అడిగి తెలుసుకోవడంలో తప్పులేదు. మార్పులు చేసినా దురద తగ్గకపోతే, లేదా అలవాట్లేమీ మారకుండానే ఒంటి వాసన ఒక్కసారిగా మారితే, సబ్బులు మారుస్తూ కాలం గడపకుండా చర్మవ్యాధుల వైద్యుడిని కలవాలి.