గడపకు పసుపు పూయడం ఎలా?

తలుపుకు ఏ రంగు వేయించుకున్నా అది ఎవరి ఇష్టం వారిది. గడప రంగు మాత్రం ఇష్టంతో మారేది కాదు. దాన్ని లక్ష్మీదేవిగా తలచి, ముత్తైదువకు చేసినట్టే పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, ముందు తెల్లని ముగ్గు వేస్తాం. అలాంటి గడపను పండగ హడావిడిలో ఎలాగో పులిమేసి వదిలేయడం చూస్తే నాకు బాధ కలుగుతుంది.

నాలుగు చెంచాల పసుపు, కుంకుమ, కాస్త బియ్యప్పిండి, పాత నూలు గుడ్డ చాలు. కొమ్ములు తెచ్చి ఆడించిన పసుపే వాడాలి. దుగ్గిరాల, నిజామాబాద్ మార్కెట్లు మన దగ్గరే ఉండగా రంగు కలిపిన పొడి ఎందుకు? మామిడి తోరణం కూడా ముందే కట్టేయండి. తరవాతైతే స్టూలు కాళ్లు తడి పసుపు మీదే పడతాయి.

ఇక గడప కడగాలి. అందరూ తేలిక అనుకునే ఈ దశలోనే పని చెడుతుంది. సబ్బు నీళ్లతోనో బట్టల సోడాతోనో రుద్ది, ఆ జిగురు పూర్తిగా పోకముందే పసుపు రాస్తే అక్కడక్కడా ఎర్రటి మచ్చలు తేలతాయి. పసుపుకు రంగునిచ్చే కర్కుమిన్ క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది. దిష్టి తీసే ఎర్రనీళ్లు పసుపులో సున్నం కలిపి చేసేవే కదా! కొత్త ఇళ్లలో ఇది మరీ ఎక్కువ. మా గృహప్రవేశం నాడు తెల్లవారుజామున పూసిన పసుపు, పురోహితుడు వచ్చేసరికి ఒక పక్కంతా ఇటుక రంగుకు తిరిగింది. మేస్త్రీలు చిందించిన సిమెంటు ఆ మూల అంటుకుని ఉండడమే కారణం.

కాబట్టి సబ్బు ముట్టకండి. చింతపండు నానబెట్టిన నీళ్లతో రుద్ది, మామూలు నీళ్లతో రెండుసార్లు కడిగి, గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. పైకి ఆరినట్టు కనిపించినా గడప, ద్వారబంధం కలిసే మూలల్లో తడి నిలుస్తుంది. అక్కడ వేలు పెట్టి చూడండి. అనుమానం ఉంటే ఒక మూల చిటికెడు తడి పసుపు రాసి పావుగంట ఆగండి. పచ్చగానే ఉంటే మొదలుపెట్టవచ్చు.

పసుపును అరగదీసిన గంధమంత చిక్కగా కలిపి, ఒక పక్క నుంచి రెండో పక్కకు చేత్తోనే పూయాలి. బ్రష్షు వద్దు. మందంగా ఒక్కసారి పూస్తే ఆరి పెచ్చులూడుతుంది. పలుచగా రెండుసార్లు పూయండి. పూర్తిగా ఆరాకే, ఉంగరపు వేలు కాస్త తడిచేసి కుంకుమ బొట్లు పెట్టండి. వాటి సంఖ్య బేసిగానే ఉండాలి. మధ్యలో బియ్యప్పిండి చుక్కలు పెడితే ఎరుపు ఇంకా తేటగా కనిపిస్తుంది.

ఈ శ్రమంతా ఎందుకని పసుపుపచ్చ పెయింటు వేయించి, దాని మీద ఎర్ర చుక్కలు దిద్దించేవారు ఉన్నారు. దాన్ని నేను ఒప్పుకోను. ఎండకు పసుపు వెలిసిపోతుంది, నిజమే. అందుకే శుక్రవారం శుక్రవారం మళ్లీ వంగి, గడపను చేత్తో తాకి పూస్తాం. పెయింటు వేసిన గడపను ఏడాదికోసారైనా ఎవరు తాకుతారు?