ఆలీ మెకోయిస్ట్ కామెంటరీని ఎలా వినాలి

యూకేకి వచ్చాక టీవీలో ఫుట్‌బాల్ చూడటం మొదలుపెట్టినవాళ్లు మెకోయిస్ట్ స్కాటిష్ యాస అర్థం కాక సౌండ్ తగ్గించేస్తుంటారు. దయచేసి తగ్గించకండి. ఆటను ఇంత ఇష్టంగా, ఇంత సులువుగా చెప్పే మాజీ ఆటగాడు ఇప్పుడు టీవీలో ఇంకొకరు లేరని నా గట్టి అభిప్రాయం. ఆయన కెరీర్ కాస్త తెలుసుకుని వింటే ఆ మాటలు ఎక్కడి నుంచి వస్తున్నాయో పట్టుకోవచ్చు.

మ్యాచ్‌లో ఇద్దరు మాట్లాడతారు కదా, బంతి ఎవరి దగ్గరుందో చెప్పేది ప్రధాన కామెంటేటర్, అది ఎందుకలా జరిగిందో చెప్పేది పక్కనుండే మాజీ ఆటగాడు. మెకోయిస్ట్ ఈ రెండో మనిషి. కాబట్టి ప్రతి మాటా అర్థం కావాలని టెన్షన్ పడకుండా, మొదట్లో రీప్లేలు వేసేటప్పుడు మాత్రం చెవి పెట్టండి, ఎందుకంటే అప్పుడు ఆయన చెప్పేది మీ కళ్లముందే కనిపిస్తుంటుంది. సబ్‌టైటిల్స్ ఉంటే పెట్టుకోండి, నాలుగైదు మ్యాచ్‌లకి వాటి అవసరం తగ్గిపోతుంది.

ఇక పాత వీడియోలు. గోల్స్ కంటే ముందు ఆయన కష్టాల గురించి తెలుసుకోండి. స్కాట్లాండ్ క్లబ్ సెయింట్ జాన్‌స్టన్‌లో పేరు తెచ్చుకుని 1981లో ఇంగ్లండ్ క్లబ్ సండర్‌లాండ్‌కి వెళ్తే అక్కడ కుదరలేదు, లీగ్‌లో 56 మ్యాచ్‌లకి 8 గోల్సే. 1983లో గ్లాస్గో రేంజర్స్‌కి వచ్చాక గోల్స్ వస్తున్నా మొదట్లో సొంత అభిమానులే తిట్టిన రోజులున్నాయి. తర్వాత గ్రేమ్ సౌనెస్ మేనేజర్‌గా ఉన్న కాలంలో సబ్‌స్టిట్యూట్ల బెంచ్ మీద ఎంత ఎక్కువగా కూర్చున్నాడంటే, ‘జడ్జి’ అని పేరు పెట్టేశారు (కోర్టులో జడ్జి కూర్చునే చోటునీ ఇంగ్లిష్‌లో బెంచ్ అనే అంటారు). 1991లో వాల్టర్ స్మిత్ మేనేజర్‌గా వచ్చాక వరసగా రెండు సీజన్లు లీగ్‌లో 34 చొప్పున గోల్స్ కొట్టి, రెండుసార్లూ యూరప్ లీగుల్లో టాప్ స్కోరర్‌కి ఇచ్చే గోల్డెన్ బూట్ గెలిచాడు. రేంజర్స్‌కి మొత్తం 355 గోల్స్, అది క్లబ్ రికార్డు. సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన కుర్రాడి గురించి ఆయన మాట్లాడినప్పుడు ఆ బెంచ్ రోజులు గుర్తుపెట్టుకుని వినండి.

తప్పకుండా చూడాల్సింది 1993 స్కాటిష్ లీగ్ కప్ ఫైనల్. ఆ ఏడాది ఏప్రిల్‌లో లిస్బన్‌లో పోర్చుగల్ మీద స్కాట్లాండ్‌కి ఆడుతూ కాలు విరగ్గొట్టుకున్నాడు. అక్టోబర్‌లో ఎడిన్‌బరో జట్టు హిబ్స్‌తో (హైబర్నియన్) ఫైనల్, స్కోరు 1-1. బెంచ్ మీద నుంచి వచ్చి, గోల్‌కి వీపు పెట్టి ఓవర్‌హెడ్ కిక్‌తో మ్యాచ్ గెలిపించాడు. దీన్ని రెండుసార్లు చూడండి, రెండోసారి బంతిని వదిలేసి ఆయన నిలబడ్డ చోటునే చూడండి. టీవీలో స్ట్రైకర్ల గురించి ఆయన చెప్పేవి అర్థం కావడానికి ఇంతకన్నా మంచి ప్రాక్టీస్ లేదు.

మేనేజర్‌గా ఆయన రోజులు చాలామంది వదిలేస్తారు, నాకైతే అవే ముఖ్యం. 2011లో రేంజర్స్ బాధ్యత తీసుకున్నాడు, 2012 ఫిబ్రవరిలో క్లబ్ ఆర్థికంగా కుప్పకూలింది. మేం వదిలేసి పోయే రకం కాదు అని ఆయన అప్పుడన్న మాట ఇప్పటికీ రేంజర్స్ అభిమానుల నోళ్లలో ఉంది. జట్టు నాలుగో స్థాయి లీగ్ నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. మొదటి లీగ్ మ్యాచ్ పీటర్‌హెడ్‌లో, 2-2 డ్రా. ఆ తర్వాతి వారం రేంజర్స్ సొంత స్టేడియం ఐబ్రాక్స్‌కి 49 వేల మందికి పైగా వచ్చారు, నాలుగో స్థాయి మ్యాచ్‌కి! రెండు లీగులు గెలిపించి 2014 డిసెంబర్‌లో బయటికొచ్చాడు. చిన్న జట్ల గురించి ఆయన ఎప్పుడూ గౌరవంగానే మాట్లాడతాడు, ఆ ఊళ్లకి వెళ్లి ఆడించిన మనిషి మరి.

కామెంటరీలో ఎక్కడ మొదలుపెట్టాలంటే, 2018 ప్రపంచకప్‌లో ఐటీవీకి జాన్ చాంపియన్‌తో కలిసి చెప్పినవి దొరికితే అవి. బ్రిటన్ అంతటా కొత్త తరం ఆయన్ని ఇష్టపడింది అప్పుడే. ఇప్పటి మ్యాచ్‌లైతే టీఎన్‌టీ స్పోర్ట్స్‌లో వస్తాయి.

ఒక్క జాగ్రత్త: ఆయన నవ్వుతూ మాట్లాడతాడని విశ్లేషణ లేదనుకోకండి, నవ్వు తర్వాత వచ్చే వాక్యంలోనే అసలు విషయం ఉంటుంది. ఎవరైనా దూరం నుంచి గోల్ కొట్టినప్పుడు ఆయన సంబరం మరీ ఎక్కువ. అది వినే ముందు 1996 యూరోలో (యూరప్ దేశాల టోర్నీ) విల్లా పార్క్ స్టేడియంలో స్విట్జర్లాండ్ మీద ఆయన పెనాల్టీ బాక్స్ బయటి నుంచి కొట్టిన గోల్ చూసేయండి. ఆ మ్యాచ్ స్కాట్లాండ్ 1-0తో గెలిచింది, అయినా గ్రూప్‌లో పాయింట్లు సమానమైన నెదర్లాండ్స్ కంటే కొట్టిన గోల్స్ తక్కువై ఇంటికెళ్లిపోయింది.