ఏసీబీ, విజిలెన్స్ ఉద్యోగుల పింఛను: విశాఖలో దరఖాస్తు విధానం

విశాఖలోని ఏసీబీ, విజిలెన్స్ అండ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ కార్యాలయాల్లో చాలామంది పోలీసు, రెవెన్యూ, ఇంజినీరింగ్ వంటి శాఖల నుంచి డిప్యుటేషన్ మీద వచ్చినవాళ్లే. పింఛను దగ్గర చిక్కు అక్కడే మొదలవుతుంది. మనిషి ఒకచోట, సర్వీసు రిజిస్టరు ఇంకోచోట. డిప్యుటేషన్ కాలానికి సర్వీసు వెరిఫికేషన్ ఎంట్రీ (ఆ కాలంలో పనిచేశారని అధికారి ధ్రువీకరించే నమోదు) పడకపోతే, ఆ ఒక్క ఖాళీ కోసం ఫైలు వెనక్కి వస్తుంది. నాకు తెలిసిన ఒక హెడ్ కానిస్టేబుల్ గారు ఇందుకే రిటైరయ్యాక నెలల తరబడి తిరిగారు. అందులో ఆయన తప్పేమీ లేదు.

అందుకే రిటైర్మెంటు వయసైన 62 ఏళ్లు నిండడానికి ఏడాదిన్నర ముందే రిజిస్టరు ఎక్కడుందో కనుక్కోండి. ప్రతి ఏడాదికీ వెరిఫికేషన్ సంతకం ఉందా, ఇంక్రిమెంట్లు, సెలవుల ఖాతా సరిగ్గా ఎక్కాయా, పుట్టినతేదీలో దిద్దుబాటు ఉందా అని మీరే కూర్చుని చూసుకోండి. గుమస్తా చూస్తారులే అని వదిలేయొద్దు.

తర్వాత పింఛను దరఖాస్తు నింపి మాతృశాఖ (డిప్యుటేషన్‌కు ముందు మీరున్న సొంత శాఖ) కార్యాలయాధిపతికి ఇవ్వాలి. దంపతుల జాయింట్ ఫోటోలు, నమూనా సంతకాలు, గుర్తింపు చిహ్నాలు, కుటుంబ సభ్యుల జాబితా, గ్రాట్యుటీ నామినేషన్, బ్యాంకు పాస్‌బుక్ నకలు జతచేయాలి. భార్య లేదా భర్త పేరు ఆధార్‌లో, రిజిస్టరులో ఒకేలా ఉండాలి. రేపు కుటుంబ పింఛనుకు అదే ఆధారం. పింఛనులో 40 శాతం వరకు కమ్యుటేషన్ (ఆ భాగానికి బదులు ముందే ఒకేసారి సొమ్ము తీసుకోవడం) కోరవచ్చు. రిటైరైన ఏడాదిలోపు అడిగితే వైద్య పరీక్ష అక్కర్లేదు.

రిటైర్మెంటుకు ఆరు నెలల ముందే కాగితాలు అకౌంటెంట్ జనరల్ కార్యాలయానికి చేరేలా చూసుకోండి. మంజూరయ్యాక పీపీఓ (పింఛను చెల్లింపు ఉత్తర్వు) మీరు కోరుకున్న ఖజానాకు వస్తుంది. చివరి పోస్టింగు ఎక్కడున్నా విశాఖ ఖజానాను ఎంచుకోవచ్చు. మొదటిసారి గుర్తింపు కోసం స్వయంగా వెళ్లాలి. జీపీఎఫ్ (భవిష్యనిధి), ఏపీజీఎల్ఐ (ప్రభుత్వ జీవిత బీమా), గ్రూపు ఇన్సూరెన్స్, 300 రోజుల వరకు ఆర్జిత సెలవుల నగదు దేనికదే విడిగా అడగాలి.

ఇదంతా 1980 పింఛను నిబంధనల కిందకు వచ్చేవాళ్లకు. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవాళ్లది సీపీఎస్ (ఉద్యోగి వాటాతో నడిచే పింఛను పథకం).

ఇంకో మాట. దాడులు, విచారణలు చేసినవాళ్ల మీద ఎదురు ఫిర్యాదులు పడుతుంటాయి. శాఖాపరమైన విచారణ గానీ కోర్టు కేసు గానీ పెండింగులో ఉంటే తాత్కాలిక పింఛనే వస్తుంది, గ్రాట్యుటీ ఆగిపోతుంది. మీ మీద ఏదైనా తేలకుండా మిగిలి ఉంటే, త్వరగా ముగించమని సర్వీసులో ఉండగానే రాతపూర్వకంగా అడిగి, అందినట్టు సంతకం తీసుకోండి.