గుడ్డు, చీజ్ వేసిన బ్రేక్‌ఫాస్ట్ కేసడియా: మెత్తబడకుండా చేయడం ఎలా

కేసడియా అంటే టోర్టియా అనే పల్చటి మెక్సికన్ రొట్టెలో చీజ్ పెట్టి, మడిచి పెనం మీద కాల్చేది. స్పెల్లింగ్‌లో రెండు ఎల్‌లు ఉంటాయి కానీ పలికేది కేసడియా అనే. చేయడం చాలా ఈజీ అంటారు. వట్టి చీజ్‌తో అయితే నిజమే. గుడ్డు, బంగాళాదుంప కూరి పొద్దున్నే కడుపు నిండేలా చేద్దామనుకుంటే మాత్రం, మొదట్లో నాకు ప్రతిసారీ మెత్తబడిపోయేది, తిప్పబోతే లోపలిదంతా పెనం మీద పడేది, చివరికి చెంచాతో తినేవాళ్లం. దీనంతటికీ కారణం తడి.

ముందు టోర్టియా సంగతి. మెక్సికో మధ్య ప్రాంతంలో, దక్షిణాన మొక్కజొన్నవి ఎక్కువ, ఉత్తరాన సొనోరా వైపు గోధుమపిండివి. ఇంత కూరి మడత పెట్టాలంటే గోధుమపిండివే నయం, 10 అంగుళాలవి తీసుకోండి. చపాతీతో చేయొచ్చా అంటే చేయొచ్చు, కానీ ఆ కరకర రాదు, ఎందుకంటే టోర్టియా పిండిలో కొవ్వు బాగా కలుపుతారు. అది పంది కొవ్వు కూడా కావచ్చు, తినని వాళ్లు ప్యాకెట్ చదివి కొనండి.

చీజ్ ఇక్కడ రుచికే కాదు, జిగురు కూడా అదే. కేసడియా అన్న పేరే చీజ్‌కి స్పానిష్ మాట అయిన కేసో నుంచి వచ్చింది (అయినా మెక్సికో సిటీలో చాలాచోట్ల విడిగా అడిగితే తప్ప చీజ్ వెయ్యరు, దాని మీద మిగతా రాష్ట్రాల వాళ్లు వాళ్లని ఏడిపిస్తూనే ఉంటారు). దారాల్లా సాగే వహాకా చీజ్ దొరికితే అదృష్టమే, లేదంటే మాంటెరీ జాక్, అదీ లేకపోతే మొజరెల్లాలో కాస్త చెడ్డార్. గడ్డ కొని ఇంట్లోనే తురుముకోండి. తురిమి అమ్మే ప్యాకెట్లలో అంటుకోకుండా పిండిపదార్థం చల్లుతారు, అందుకే అది సరిగ్గా కరగదు.

ఇద్దరికి నాలుగు గుడ్లు, ఒక బంగాళాదుంప, అర ఉల్లిపాయ, గుప్పెడు ఉడికించిన నల్ల బీన్స్, 130 గ్రాముల చీజ్ చాలు. బంగాళాదుంపను శనగగింజంత ముక్కలు కోసి, సగం ఉడికించి, నీళ్లు పూర్తిగా వంచేసి నూనెలో అంచులు ఎర్రబడేదాకా వేయించండి, చివర్లో ఉల్లిపాయ, బీన్స్ వెయ్యండి. మాంసం తినేవాళ్లైతే ముందు మెక్సికన్ చొరీసో (మసాలా పట్టించిన పంది మాంసం సాసేజ్) వేయించి, అందులోంచి దిగిన ఎర్రటి కొవ్వులోనే దుంపలు వేయించండి, ఇంకేం అక్కర్లేదు. ఇది స్పెయిన్ చొరీసోలా ఎండబెట్టింది కాదు, పచ్చిది, పూర్తిగా వేగాలి.

గుడ్లలో పాలు పోయొద్దు. ఉప్పు, మిరియాలు వేసి గిలక్కొట్టి సన్నసెగ మీద పొరటులా కలుపుతూ, జారుడు పోయి ఇంకా కొంచెం మెరుస్తున్నప్పుడే దించేయండి, పెనం మీద మళ్లీ ఎలాగూ వేడెక్కుతుంది. దించాక గిన్నెలో ఉంచకుండా పళ్లెంలో పరవండి. రెండు నిమిషాల్లో ఆవిరి పోతుంది. నేను ఎన్నాళ్లో వదిలేసిన స్టెప్ ఇదే.

పెనాన్ని సన్నసెగ కంటే కాస్త ఎక్కువ మంట మీద పెట్టి, కొంచెం వెన్న రాసి టోర్టియా వెయ్యండి. సగం భాగంలో చీజ్, దాని మీద గుడ్డు, దుంపలు, పైన మళ్లీ చీజ్. అంచున అర అంగుళం వదిలేయండి, ఆశకు పోయి కుక్కొద్దు. మడిచి అట్లకాడతో మెల్లగా అదిమితే చీజ్ కొద్దిగా బయటికి కారి పెనం మీద బుడబుడలాడుతుంది, కంగారుపడి గీకేయకండి, అదే ఎర్రబడి జాలరు అంచులా పట్టుకుంటుంది, మా ఇంట్లో దానికోసమే గొడవ. ఒక్కో వైపు రెండు మూడు నిమిషాలు. తిప్పేటప్పుడు మడత ఉన్న వైపు పెనానికి ఆనించి, తెరిచి ఉన్న వైపు కింద అట్లకాడ పెట్టి తలుపు తిప్పినట్టు తిప్పాలి, లోపలిది జారదు. దించి ఒక నిమిషం ఆగాకే కొయ్యండి.

టమాటా, ఉల్లిపాయ, హాలపేన్యో (మెక్సికన్ పచ్చిమిర్చి), కొత్తిమీర, నిమ్మరసంతో చేసే పికో దె గాయో, అవకాడో రెండూ పక్కనే పెట్టుకోవాలి, లోపల వేస్తే పడిన శ్రమంతా వృథా.

ఆఫీసు హడావిడి ఉన్నవాళ్లు ఆదివారం పూట కూరి మడిచి, పూర్తిగా చల్లారాక ఒక్కొక్కటీ చుట్టి ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు. తినే ముందు రాత్రి ఫ్రిజ్‌లోకి మార్చి, పొద్దున సన్నసెగ మీద లోపలిదాకా వేడెక్కేలా కాల్చుకోండి. మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టకండి, టోర్టియా తోలులా సాగుతుంది.